వాట్‌గంజ్ లూపు ఆస్పత్రి

జెరూషాకి ఆ ఉద్యోగం వచ్చింది నర్సు చదువు చదివినందుకు మాత్రమే కాదు, తెలుగు వచ్చినందుకు కూడా.

1966లో కలకత్తా వాట్‌గంజ్‌లో, ఓడలు ఆగే డాకు గేటుకి కాస్త ఇవతల, ఒక విదేశీ సహాయ సంస్థ ఆడవాళ్ల కోసం చిన్న ఆస్పత్రి తెరిచింది. కడుపు రాకుండా గర్భసంచిలో లూపు వేసే ఆస్పత్రి. ఆ చుట్టుపక్కల బస్తీల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. మగవాళ్లు ఓడల నుంచి మూటలు దించేవారు. ఆడవాళ్లకి బెంగాలీ వచ్చుగానీ, అది కూరల దగ్గర బేరమాడడానికీ, కుళాయి దగ్గర దెబ్బలాడడానికీ సరిపోయేంతే. ఒంటి లోపలి సంగతి పరాయి భాషలో చెప్పుకోవడానికి నోరు రాదు. అందుకని తెలుగు నర్సు కావలసివచ్చింది.

జెరూషా పుట్టి పెరిగింది హౌరాలో, టికియాపారా రైల్వే క్వార్టర్సులో. తండ్రి దయారత్నం లోకోషెడ్డులో ఫిట్టరు. తల్లి కాంతానిది భీమిలి దగ్గర ఊరు. కూతురికి విదేశీ సంస్థలో ఉద్యోగం వచ్చిందని కాంతం ఆ ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. జెరూషా కూడా సంతోషంగానే చేరింది. కాన్పుల వార్డులో పనిచేసినప్పుడు ఏడో బిడ్డకీ ఎనిమిదో బిడ్డకీ ప్రాణం మీదికి తెచ్చుకున్న తల్లుల్ని చూసింది. ఈ పని మంచిదని మనసారా నమ్మింది.

ఆ బస్తీలో మొట్టమొదట ఆస్పత్రి మెట్లెక్కింది జగ్గమ్మ. ఆమెను ఎవరూ ఒప్పించనక్కర్లేకపోయింది.

"ఏటి నర్సమ్మా, అది ఏసుకుంటే మరి కడుపు రాదా?" అని అడిగింది.

"రాదక్కా. మళ్లీ పిల్లలు కావాలన్నా, ఒంటికి పడకపోయినా, వస్తే తీసేస్తారు."

"మల్లీ నాకెందుకమ్మా? నలుగురు గుంటలున్నారు. ఒకదాన్ని గంగలో కలిపేసినాను. ఇంక నా వల్ల కాదు. ఆడదానికి ఇంతకంటే ఉపకారం ఏటుంటాది? ఏసెయ్యమను."

వేయించుకుని వెళ్లి ఊరుకోలేదు. తన గల్లీలో గడపగడపకీ తిరిగి, "నాను ఏసుకున్నాను, నాకేటీ అవనేదు, రండి" అని ఆడవాళ్లని తనే వెంటబెట్టుకొచ్చింది. ఆస్పత్రిని నడిపే ప్రాజెక్టు ఆఫీసరు సోమశేఖర్ ఆమెను చూసి ముచ్చటపడ్డాడు. ఆయన హైదరాబాదువాడు, బాగా చదువుకున్నవాడు. "ఇలాంటి వాళ్లు పదిమంది ఉంటే చాలు" అన్నాడు.

జగ్గమ్మ భర్త గవరయ్య డాకులో మూటలు మోసేవాడు. ఆ ఏడు దేశంలో వానల్లేక కరువు. ఓడల నిండా అమెరికా గోధుమలు వచ్చి పడుతుండేవి. డాకు బయట గోడౌన్ల దగ్గర రాలిన గింజలు ఊడ్చి, మట్టి జల్లించి, ఇంటికి తెచ్చుకోవడం జగ్గమ్మ పని. రోజంతా వంగి చేసే పని అది. రెండో నెల వచ్చేసరికి ఆమె నిటారుగా నిలబడలేకపోయింది. నెత్తురు ఆగడం లేదు.

ఆస్పత్రికి వచ్చి చెప్పుకుంది. డాక్టరు అరుంధతీ సేన్ నెమ్మదస్తురాలు. పరీక్ష చేసి, బెంగాలీలో చెప్పింది, జెరూషా తెలుగులో చెప్పింది. మొదట్లో కొందరికి ఇలా అవుతుంది, ఒళ్లు అలవాటు పడాలి, కొంచెం ఓపిక పట్టాలి. రక్తం పట్టే మాత్రలు ఇవ్వాలిగానీ నిండుకున్నాయి. విదేశం నుంచి పెట్టె రావాలి.

జగ్గమ్మ ఓపిక పట్టింది. పెట్టె రాలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఓపిక పట్టమన్నారు. ఆమె వెంట వచ్చి వేయించుకున్నవాళ్లలో మరికొందరు కూడా అదే బాధ చెప్పడం మొదలుపెట్టారు. చాలామందికి ఏ ఇబ్బందీ లేదు, నిజమే. కానీ ఉన్నవాళ్లకి ఒకటే మాట: ఓపిక.

ఒకరోజు పొద్దున్న రేషను షాపు వరసలో జగ్గమ్మ కుప్పకూలింది. ఇద్దరు బెంగాలీ ఆడవాళ్లు రిక్షాలో వేసుకుని తీసుకొచ్చారు. జెరూషా ఆమె చెయ్యి పట్టుకుని చూస్తే అరచేయి సున్నం కొట్టినట్టుంది. కింది రెప్ప లాగి చూస్తే అక్కడా ఎరుపన్నది లేదు.

"దీదీ, ఈమెకి తీసెయ్యాలి. ఇప్పుడే" అంది డాక్టరుతో.

అరుంధతి తలుపు వైపు చూసింది. సోమశేఖర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"తీయడానికి వీల్లేదు" అన్నాడు. "వచ్చే గురువారం సంస్థ పెద్దలు చూడడానికి వస్తున్నారు. వేసినవాటిలో ఎన్ని నిలిచాయన్నదే వాళ్లు అడిగేది. తీసేసినవి ఎక్కువైతే ఈ పద్ధతి ఇక్కడ పనికిరాలేదని తేల్చేస్తారు. ఆస్పత్రి ఎత్తేస్తారు. ఒక్క ఆమె కోసం ఇంతమందికి జరిగే మేలు చెడగొడతామా?"

"ఒక్క ఆమె కాదు సార్. గల్లీలో ఇంకా ఉన్నారు. ఒంటికి పడకపోతే తీసేస్తామని మీరు చెప్పమన్నారు. నేను వాళ్లకి చెప్పాను."

"చెప్పాం. కాదనను. గురువారం కానివ్వు. ఈ ఆడవాళ్లు చిన్నదానికీ పెద్దదానికీ గోల చేస్తారు. నీకు తెలియనిదేముంది?"

"మీ ఇంట్లో ఆడవాళ్లయితే గురువారం దాకా ఆపుతారా సార్?"

సోమశేఖర్ ముఖం ఎర్రబడింది. "నీ జీతం ఎక్కడినుంచి వస్తోందో గుర్తుపెట్టుకో" అని వెళ్లిపోయాడు.

డాక్టరు ఒక సూది మందు ఇచ్చి, మంచి తిండి పెట్టమని చెప్పి జగ్గమ్మను ఇంటికి పంపించింది. సూదిని నీళ్లలో పడేస్తూ, "పైనుంచి ఆర్డరు ఉంది జెరూషా, నేనేం చేయను?" అంది నెమ్మదిగా. తీయడం ఎంతసేపు పని? లూపుకున్న దారం పట్టి లాగితే అయిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం జెరూషా గల్లీలోకి వెళ్లింది. జగ్గమ్మ చాప మీద పడుకుని ఉంది. పెద్దకూతురు రొట్టె కాలుస్తోంది. గవరయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద గోధుమ పొట్టు కూడా దులుపుకోలేదు.

"రా నర్సమ్మా. సూసి పోదామని వొచ్చినావా?" అన్నాడు.

"అన్నయ్యా, గురువారం అయ్యాక..."

"గురువారం దాకా ఇది బతకాల గదా!" అని లేచాడు. "మంచి తిండి పెట్టమన్నాదంట డాకటేరు. ఏటి పెడతాను? గోదుమలా? ఆ ఓడలు దించినోన్ని నాను. రోజంతా నా యీపు మీదే దిగతన్నాయి. దేశమంతా ఆల్లకి దండాలెడతన్నాది, ఊరికే ఇచ్చినారని. ఊరికే కాదంట. మన రూపాయలు కట్టించుకునే ఇస్తన్నారంట, యూనియనోల్లు సెప్పినారు. కొనుక్కున్నా దండమెట్టాల, నెత్తురు కారినా దండమెట్టాల. ఇదేటి నేయం నర్సమ్మా?"

చాప మీద నుంచి జగ్గమ్మే అంది: "దాన్ననకు. అదేటి సేస్తాది? నాను నలుగురిని తీసుకెల్లినాను గదా, ఆల్లు వొచ్చి నా గుమ్మం ముందు ఏడుస్తన్నారు. నాను ఆల్లకేటి సెప్పాల?"

ట్రాములో హౌరాకి తిరిగి వెళ్లింది జెరూషా. ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. కాంతం భయపడింది. "పెద్దవాళ్లతో పెట్టుకోకమ్మా. ఇచ్చేవాళ్ల చేతిని తప్పుపట్టకూడదు. నీ చిన్నప్పుడు పాలపొడి ఎవరిచ్చారు? నీ చదువుకి మిషనువాళ్లు కాదా సాయం చేసింది?"

"ఇచ్చారమ్మా. నేను కాదన్నానా? ఇచ్చినవాళ్లని ఒక మాట అడక్కూడదని బైబిల్లో ఏ వాక్యంలో ఉంది?"

కాంతం గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది.

గురువారం ఆస్పత్రి ముందు షామియానా వేశారు. బంతిపూల దండలు కట్టారు. బస్తీ ఆడవాళ్లకి ముందురోజే ఒకే రంగు చీరలు పంచి, అవే కట్టుకు రమ్మన్నారు. నీరసంగా ఉన్నవాళ్లని మాత్రం పిలవొద్దని సోమశేఖర్ జెరూషాకి గట్టిగా చెప్పాడు. ఆమె పిలవలేదు. పిలవనక్కర్లేకపోయింది. సభ మొదలవుతుండగా గవరయ్య భార్యను చేతుల మీద ఎత్తుకుని తీసుకొచ్చి, ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టి, తను బయటికి వెళ్లి నిలబడ్డాడు. జగ్గమ్మ ఒంటి మీద కొత్త చీర లేదు. పక్కనున్న ముసలామె అమ్మన్నమ్మ ఆమెను తన భుజానికి ఆనించుకుంది.

సంస్థ తరఫున వచ్చిన అమెరికా పెద్దమనిషి పొడుగ్గా, తెల్లటి జుట్టుతో ఉన్నాడు. చెడ్డవాడిలా లేడు. ఒక పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడించాడు. ఎండకి చెమటలు కారుతున్నా చిరునవ్వు చెరగనివ్వలేదు. తరవాత లేచి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఒక్కో మాటా జెరూషా తెలుగులో చెప్పాలి.

"మా రైతులు పండించింది మీతో పంచుకోవడం మాకు సంతోషం" అన్నాడు. జెరూషా చెప్పింది.

"కానీ మేము ఎన్ని ఓడలు పంపినా, తినే నోళ్లు ఇలా పెరుగుతూ పోతే, అది చిల్లికుండలో నీళ్లు పోసినట్టే." జెరూషా ఒక్క క్షణం ఆగి, అదీ చెప్పింది.

"మీరు ఇక్కడ చూపించే సహకారాన్ని మా దేశంలో అందరూ గమనిస్తున్నారు. ముందు ముందు అందే సహాయం చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది."

అది కూడా చెప్పింది. షామియానా కింద నుంచి అమ్మన్నమ్మ గొంతు లేచింది.

"అంటే ఏటమ్మా? ఇది ఏసుకోకపోతే గోదుమలు రావనా?"

పెద్దమనిషి ఆసక్తిగా ముందుకు వంగాడు. "ఆమె ఏమంటున్నారు?"

జెరూషా నోరు తెరిచేలోపే సోమశేఖర్ అందుకున్నాడు. "మీకు కృతజ్ఞతలు చెబుతోంది సార్" అన్నాడు ఇంగ్లీషులో.

జెరూషా గిరుక్కున సోమశేఖర్ వైపు చూసింది. ఆస్పత్రి తెరిచినప్పటి నుంచి ఈ ఆడవాళ్ల నోటి మాట ఇలాగే మారి పైకి వెళుతోందా? వాళ్లు ఏడిస్తే కృతజ్ఞత, తిడితే కృతజ్ఞత?

"కాదు సార్" అంది ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. ప్రశ్న అడిగింది. లూపు వేసుకోకపోతే గోధుమలు ఆపేస్తారా అని అడిగింది."

సోమశేఖర్ చిరునవ్వు అలాగే ఉండిపోయింది. పెద్దమనిషి తడబడ్డాడు. "అంత సూటిగా కాదు... దాన్ని అలా అర్థం చేసుకోకూడదు" అన్నాడు.

"అంత సూటిగా కాదంట అత్తా" అని చెప్పింది జెరూషా. ఆడవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు.

అప్పుడు జగ్గమ్మ మాట్లాడింది. గొంతు సన్నంగా ఉంది. వినడానికి అందరూ ఊపిరి బిగబట్టవలసి వచ్చింది.

"ఆయన్ని ఇంకోటి అడుగు నర్సమ్మా. ఆల్ల ఇంటి ఆడమనిసికి ఇది ఏసినారనుకో. నెలల తరబడి నెత్తురు కారతా, నిలబడితే పడిపోతా ఉన్నాదనుకో. ఆల్లూరి డాకటేరు ఏటి సేస్తాడు?"

జెరూషా ఇంగ్లీషులో అడిగింది. ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు.

పెద్దమనిషికి ఆ ప్రశ్న వింతగా తోచింది. "వెంటనే తీసేస్తాడు" అన్నాడు. "అందులో ఆలోచించడానికేముంది?"

జెరూషా జగ్గమ్మ వైపు తిరగలేదు, మొత్తం ఆడవాళ్ల వైపు తిరిగింది. గొంతెత్తి చెప్పింది: "వాళ్ల దేశంలో అయితే వెంటనే తీసేస్తారంట. ఆలోచించరంట."

ఒక్కసారిగా గోల లేచింది. "మరి మాకెందుకు తియ్యనేదు?" అని ఒకామె. "నాదీ తియ్యమను" అని ఇంకొకామె. కొత్త చీరల్లో ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. పెద్దమనిషి ఏమిటేమిటి అని అడుగుతున్నాడు, జెరూషా చెబుతూనే ఉంది. ఈమెకి నెలన్నరగా, ఈమెకి జ్వరం కూడా, ఈమెకి పాలు తాగే బిడ్డ ఉంది. సోమశేఖర్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగబోయాడు. బయట ఉన్న గవరయ్య రెండడుగులు లోపలికి వేసేసరికి వదిలేశాడు.

"ఎవరినీ తొందరపెట్టకండి" అన్నాడు పెద్దమనిషి. "ఒక్కొక్కరినీ పరీక్షించాలి. ఇలా అందరికీ తీసేస్తూ పోతే కార్యక్రమం మొత్తానికే..."

అప్పటిదాకా కుర్చీలో తల వంచుకు కూర్చున్న డాక్టరు అరుంధతి లేచింది. మెడలో వేసిన బంతిపూల దండ తీసి కుర్చీలో పెట్టింది.

"ఆమె అడిగింది. మీరు జవాబు చెప్పారు. నేనూ డాక్టర్నే" అంది ఇంగ్లీషులో. తరవాత బెంగాలీలో, "జెరూషా, నీళ్లు మరగబెట్టు. ముందు జగ్గమ్మని తీసుకురా" అంది.

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరూ పనిచేశారు. బాధ ఉన్నవాళ్లకి తీశారు, బాధ లేనివాళ్లకి భయం లేదని చెప్పి పంపించారు. జగ్గమ్మకి తీసినప్పుడు ఆమె కళ్లు మూసుకుని, "ఇంతేనా?" అంది. "ఇంతదానికా?" అని మళ్లీ అంది. జెరూషాకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పని సాగదని ఆపుకుంది.

బయటికి వచ్చేసరికి పెద్దమనిషి కారు వెళ్లిపోయింది. సోమశేఖర్ వరండాలో కాచుకుని ఉన్నాడు.

"నిన్ను చెప్పమన్నది ఏమిటి, నువ్వు చేసింది ఏమిటి?"

"అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పమన్నారు. చెప్పాను సార్. ఒక్క మాటా వదల్లేదు."

"రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆమె మర్నాటి నుంచి వెళ్లలేదు. నెల తిరక్కుండానే ఆస్పత్రే మూతపడింది. జీపు పోయింది, బల్లలు పోయాయి, మాత్రలు రాలేదుగానీ మందుల బీరువాని మాత్రం లారీలో వేసుకుని మరీ తీసుకుపోయారు. ఆ ప్రాంతపు ఆడవాళ్లు సహకరించడం లేదని కారణం చెప్పారట. లూపు హాయిగా పడి, అదే ఉండాలనుకున్నవాళ్లు కూడా రేపు ఏదైనా అయితే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మిగిలిపోయారు. జెరూషాకి హౌరాలో రైల్వే ఆస్పత్రిలో తాత్కాలికంగా పని దొరికింది. అరుంధతి గవర్నమెంటు ఆస్పత్రికి వెళ్లిపోయింది.

జగ్గమ్మ కోలుకుంది. ఆ బస్తీవాళ్లు చందాలేసుకుని మందులు కొన్నారు, గవరయ్య ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి బిందె అమ్మాడు.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం జగ్గమ్మ టికియాపారా క్వార్టర్సు వెతుక్కుంటూ వచ్చింది. జెరూషా తలుపు తీసి, సంతోషంతో పలకరించబోయి, ఆమె కడుపు చూసి ఆగిపోయింది.

"సూసినావా?" అంది జగ్గమ్మ. "ఆరో నెల."

కాంతం మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. జగ్గమ్మ తాగలేదు.

"నీ మీద కోపమొచ్చి వొచ్చినాను నర్సమ్మా. ఎవులి మీద పడాలో తెలవక నీ మీద పడతన్నాను. ఆ రోజు నాను తియ్యమన్నాను. ఆస్పత్రి ఎత్తుకుని ఎల్లిపొమ్మన్నానా?"

"లేదక్కా."

"నా ఒంటికి పడేది ఇంకోటేదో సూడాల గదా? ఆల్ల దేశంలో ఒకటి పడకపోతే ఇంకోటి ఉండదేటి? నోరు మూసుకుంటే ఇస్తాం, నోరిప్పితే ఎత్తుకుపోతాం అంటే, అది ఇచ్చినట్టా? మా ఊర్లో బూములున్న బుగతలు అలాగే ఇచ్చేవోరు. ఆల్ల గింజలు వొద్దనే గదమ్మా కలకత్తా వొచ్చి పడ్డాం!"

"నన్ను తిట్టక్కా, తిట్టు" అంది జెరూషా. ఏడాదిగా లోపల అణిగి ఉన్నది మళ్లీ రాజుకుంది. ఓడిపోయామన్న బాధకంటే, ఓడినా గెలిచినా నష్టం ఈ ఆడమనిషికే మిగిలేట్టు ఆ ఏర్పాటు చేసినవాళ్ల మీద కోపం ఎక్కువగా ఉంది. వాళ్లు ఎక్కడో దూరాన, మంచిపని చేశామన్న తృప్తితో నిద్ర పోతుంటారు.

అంతవరకూ పక్కన నిలబడి వింటున్న కాంతం జగ్గమ్మ దగ్గరికి వచ్చి కింద కూర్చుంది. "ఆ నీళ్లు తాగు తల్లీ" అంది. "తాగి, మా అమ్మాయిని తీసుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. నేనూ వస్తాను."

ముగ్గురూ ట్రామెక్కి గవర్నమెంటు ఆస్పత్రికి వెళ్లారు. వరసలో చాలాసేపు నిలబడ్డాక అరుంధతి గదిలోకి పిలుపు వచ్చింది. ఆమె జగ్గమ్మను గుర్తుపట్టింది. పరీక్ష చేసి, బిడ్డ బాగుందని చెప్పింది. కాన్పు ఇక్కడే చేస్తానంది. తరవాత పిల్లలు వద్దనుకుంటే ఏమేం మార్గాలున్నాయో, ఒక్కోదానిలో ఒంటికి ఏమేం కష్టాలు రావచ్చో దాచకుండా చెప్పింది. గది బయట జనం తలుపు తడుతున్నా ఆపలేదు. జెరూషా ప్రతిదీ తెలుగులో చెప్పింది.

జగ్గమ్మ అంతా విని, "కష్టమొస్తే మల్లీ వొస్తాను. అప్పుడు సూస్తావా?" అని అడిగింది.

"చూస్తాను" అంది అరుంధతి.

"ఆల్లూ ఇలాగే సెప్పినారు."

అరుంధతి తల వంచుకుంది. "చెప్పారు. నేనూ అప్పుడు వాళ్లతోనే ఉన్నాను" అంది.

జగ్గమ్మ జెరూషా వైపు తిరిగింది. "ఆలోసించి సెప్తానని సెప్పు నర్సమ్మా. కాన్పయ్యేలోగా సెప్తాను. ఈసారి ఎవులూ తొందర పెట్టీకండి" అని, కాంతం భుజం పట్టుకుని లేచి, బయటికి నడిచింది.